సుత్తి తీర్పు

తొలకరి పడగానే రాయలసీమ రైతు గొర్రు, గుంటక సర్దుకుంటాడు. వజ్రకరూరు, జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల మాత్రం ఆ జల్లుతో ఇంకో పని కూడా మొదలవుతుంది. వాన పైమట్టిని కడిగేసి గులకరాళ్లను బయటపెడుతుంది. జనం సద్దిమూటలతో దిగుతారు. చెట్ల కింద, గుడి అరుగుల మీద మకాం పెడతారు. పొద్దున లేచింది మొదలు పొద్దుగూకేదాకా తలెత్తకుండా చేలల్లో తిరుగుతారు. వాళ్లది ఉత్త పిచ్చి కాదు. భూమిలో 150 కిలోమీటర్లకు పైగా లోతున పుట్టిన వజ్రాలను ఏనాటివో అగ్నిపర్వత గొట్టాలు పైకి మోసుకొచ్చాయి. ఎండా వానా ఆ రాతిని పొడిచేసి చేలలో కలిపాయి. దొరికినవాళ్లు ఉన్నారు. దొరకనివాళ్లు చాలామంది ఉన్నారు.

ఈ కథ ఆ నేల మీదిది. ఏ ఏడు జరిగిందని అడగొద్దు.

ఆ చేల నడుమ ఒక ఊళ్లో రాళ్లు గుర్తుపట్టే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఆయన రాళ్లు కొనేవాడు కాదు, అమ్మేవాడూ కాదు. ఎవరు ఏ రాయి తెచ్చినా అదేమిటో చెప్పేవాడు. అందుకు నాలుగు తమలపాకులో, గుప్పెడు శెనక్కాయలో పుచ్చుకునేవాడు. ఆయన సరంజామా అంతా ఒక గుడ్డసంచిలో ఇమిడిపోయేది. ఒక రాగి పైసా, ఒక పాత కత్తి, పగిలిన పింగాణీ కప్పు అడుగు, చిన్న అయస్కాంతం, భూతద్దం, ఒక నిమ్మకాయ, వేలెడు పొడవున్న కురువిందం ముక్క, సన్నటి తక్కెడ, తూకానికి గుప్పెడు గురివింద గింజలు. నిమ్మకాయ ఎండిపోతే మార్చేవాడు, మిగతావి ఏళ్ల తరబడి అవే.

ఆయన దగ్గర ఒక శిష్యుడు చేరాడు. చురుకైనవాడు. చెప్పింది చెప్పినట్టు పట్టేసేవాడు. తొందర మాత్రం ఎక్కువ.

పెద్దాయన మొదటి రోజే రంగు చూసి ఏ రాయికీ పేరు పెట్టొద్దని చెప్పాడు. పలుగురాయి తెల్లగా ఉంటుంది, ఊదాగా ఉంటుంది, పొగరంగులోనూ గులాబీ రంగులోనూ ఉంటుంది. చిటికెడు మలినం కలిస్తే చాలు, రంగు మారిపోతుంది. రాయి మాత్రం అదే. శిష్యుడు ఐదు రంగుల్లో ఉన్న పలుగురాళ్లను ఐదు పేర్లతో పిలిచి, మధ్యాహ్నానికల్లా ఐదూ ఒకటేనని ఒప్పుకున్నాడు.

తర్వాత గీతల పాఠం. బలపం రాయి మీద గోరు గీయిస్తే గీత పడింది. సున్నపురాయి స్ఫటికం మీద గోరు జారింది, రాగి పైసా గీసింది. కత్తి మొన ఆ స్ఫటికాన్ని ఇట్టే గీసింది. అదే కత్తిని పలుగురాయి మీద లాగితే మెరిసే చార ఒకటి పడింది. గీత పడిందని శిష్యుడు సంబరపడ్డాడు. పెద్దాయన వేలు తడిచేసి రుద్దమన్నాడు. రుద్దితే చార చెరిగిపోయింది. అది కత్తి అరిగి రాయికి అంటిన ఇనుము. రాయిలోకి దిగిందే గీత, రాయి మీద పడింది మరక అని పెద్దాయన చెప్పాడు. ఈ ఒక్క తేడా తెలియక పలుగురాయిని మెత్తటి రాయి అనుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఈ గోరు, పైసా, కత్తి వరుసనే జర్మన్ ఖనిజ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ మోస్ 1812లో 10 మెట్లుగా పేర్చిపెట్టాడు. బలపం రాయి 1, సున్నపురాయి స్ఫటికం 3, పలుగురాయి 7, కురువిందం 9, వజ్రం 10. మెట్ల ఎత్తు సమానం కాదు. 9కీ 10కీ మధ్య ఎడం కింది మెట్లన్నీ కలిపినదానికంటే పెద్దది. పెద్దాయన మోస్ పేరు వినలేదు. మెట్లు మాత్రం ఆయన వేళ్లకు తెలుసు.

ఆ తర్వాత పింగాణీ ముక్క బయటికి తీశాడు. కప్పు అడుగున, బల్లకు ఆనే చోట, మెరుపుపూత లేని గరుకు వలయం ఉంటుంది. దాని మీద రాయిని రుద్దితే పొడి గీటు పడుతుంది. రాయి పైన రంగు ఎంత మారినా పొడి రంగు అంతగా మారదు. నల్లగా మెరిసే ఇనుపరాయిని రుద్దితే ఎర్రమట్టి రంగు గీటు పడింది. చూడటానికి అచ్చం అలాగే ఉన్న మరో నల్లరాయిని రుద్దితే నల్లటి గీటే పడింది, పైగా అయస్కాంతం దాన్ని లాక్కుంది. మొదటిది హెమటైట్, రెండోది మాగ్నటైట్. రెండింట్లోనూ ఇనుమే ఉంది, అయినా రెండూ వేర్వేరు ఖనిజాలు.

ఒకరోజు రామగిరి బంగారు గనుల వైపు నుంచి ఒక మనిషి పసుపుగా తళతళలాడే రాయి తెచ్చాడు. గుడ్డలో చుట్టి, ఆ గుడ్డను నడుముకు కట్టుకుని, రెండు రోజులు నడిచి వచ్చాడు. పెద్దాయన దాన్ని పింగాణీ మీద రుద్దాడు. ఆకుపచ్చ ఛాయ తగిలిన నల్లటి గీటు పడింది. బంగారమైతే గీటు కూడా పసుపుగానే ఉండాలి. అది పైరైట్. ఆ మనిషి మంచినీళ్లు తాగి, రాయిని అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

బరువు పాఠానికి పెద్దాయన శిష్యుడి కళ్లకు తుండుగుడ్డ కట్టాడు. ఒక చేతిలో పలుగురాయి, రెండో చేతిలో అంతే పరిమాణంలో మంగంపేట ముగ్గురాయి పెట్టాడు. కళ్లు మూసి ఉన్నా ఏది ఏదో తెలిసిపోయింది. పలుగురాయి తనంత నీటికంటే 2.65 రెట్లు బరువు. ముగ్గురాయి 4.5 రెట్లు. చమురు బావులు తవ్వేవాళ్లు బురదలో ముగ్గురాయి పొడి కలిపేది ఆ బరువు కోసమే. చేతికి అందని చిన్న తేడాలకు తక్కెడ ఉంది. రాయిని గాలిలో ఒకసారి, దారంతో కట్టి నీళ్లలో వేలాడదీసి ఒకసారి తూచాలి. నీళ్లలో ఎంత తగ్గిందో చూసి, గాలిలో తూకాన్ని దానితో భాగించాలి. వచ్చిన అంకె ఆ రాయి నీటికంటే ఎన్ని రెట్లు బరువో చెబుతుంది. రాయి చిన్నదైనా పెద్దదైనా ఆ అంకె మారదు.

చివరగా పెద్దాయన విరిగిన ముఖాలు చూపించాడు. పలుగురాయి విరిగితే గవ్వ లోపలి వైపులా వంపులు తిరిగి విరుగుతుంది. సున్నపురాయి స్ఫటికం ఎన్ని ముక్కలైనా ప్రతి ముక్కా ఏటవాలు దిమ్మే. కాకిబంగారం పొరలుగా ఊడుతుంది. సీసపు ఖనిజం గెలీనా చిన్న చిన్న ఘనాలుగా రాలుతుంది. ఖనిజం లోపలి పరమాణువుల కట్టుబడి ఎటు బలహీనంగా ఉంటే అటే అది చీలుతుందని, కాబట్టి రాయి విరిగిందని పారేయకుండా ఎలా విరిగిందో చూడాలని పెద్దాయన చెప్పాడు.

ఆ పాఠం అయ్యేసరికి శిష్యుడు ఆవులిస్తున్నాడు.

వానాకాలం ముగిసేలోపే అతనికి విసుగు పుట్టింది. ఒక్కో రాయికి పెద్దాయన పూటంతా పట్టేవాడు. గీసేవాడు, రుద్దేవాడు, తూచేవాడు, మళ్లీ తూచేవాడు. ఒక్కోసారి అన్నీ చేసి, ఇంకా ఒక రోజు ఉంచమని అడిగేవాడు. అరుగు మీద జనం పెరిగిపోయేవాళ్లు. ఒక్క దెబ్బతో తేలిపోయే పరీక్ష ఏదైనా ఉండకపోతుందా అని శిష్యుడు ఆలోచించసాగాడు.

అప్పుడే చేలల్లో ఒక మాట అతని చెవిన పడింది. నిజమైన వజ్రాన్ని దాగలి మీద పెట్టి సుత్తితో కొడితే పగలదట, దాగలిలోకే దిగుతుందట. పగిలితే వజ్రం కానట్టే. మాట చాలా పాతది. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ కూడా ఇలాగే రాసిపెట్టాడు. వజ్రాన్ని కొడితే సుత్తీ దాగలీ పగులుతాయట, వేడివేడి మేకరక్తంలో నానబెడితే తప్ప వజ్రం లొంగదట. చదువుకున్నవాళ్లు రాసిన మాటకు ఆయుష్షు ఎక్కువ. ఇది పద్దెనిమిది వందల ఏళ్లు దాటినా చావలేదు.

శిష్యుడు పెద్దాయనకు చెప్పి మరీ వెళ్లాడు. సంత జరిగే ఊరికి చేరి, కమ్మరి దగ్గర పాత దాగలి ఒకటి కొన్నాడు. సంత మొదట్లో చింతచెట్టు కింద దాన్ని పాతాడు. రాయికి ఒక అణా రుసుము పెట్టాడు. రాయి దాగలి మీద, సుత్తి రాయి మీద, తీర్పు జనం ముందర. అంతే.

జనం విరగబడ్డారు. పెద్దాయన తీర్పు అర్థం కావాలంటే ఆయన చెప్పేది వినాలి. సుత్తి తీర్పు చెవుడు ఉన్నవాడికి కూడా తెలుస్తుంది. రాయి ఫట్‌మని పగిలేది. తెచ్చినవాడు ఒకసారి నిట్టూర్చి అణా ఇచ్చి వెళ్లిపోయేవాడు. మోసం జరిగిందని ఒక్కరూ అనలేదు. పగిలినవన్నీ పలుగురాళ్లు, సున్నపురాళ్లు, గాజుపెంకులే అని అందరికీ లోలోపల తెలుసు. శిష్యుడు ముక్కలను కాలితో పక్కకు నెట్టేవాడు. చెట్టు వెనక అవి మోకాలెత్తు కుప్ప అయ్యాయి.

ఒక్కసారి మాత్రం సుత్తి ఎగిరి వెనక్కి వచ్చింది. బండి తోలే మనిషి ఒకడు తెచ్చిన బూడిదరంగు గులకరాయి అది. ఎంత కొట్టినా పగల్లేదు. శిష్యుడు అది వజ్రమని ప్రకటించాడు. బండివాడిని జనం భుజాల మీద ఎత్తుకున్నారు. అతను ఆ రాత్రే అప్పు తెచ్చి ఊరందరికీ భోజనం పెట్టాడు. వారం తర్వాత కర్నూలు వర్తకుడు ఆ రాయిని కురువిందంతో ఒక్క గీత గీసి చేతిలో పెట్టేశాడు. అది చెకుముకి జాతి రాయి. కంటికి కనిపించనంత సన్నటి స్ఫటికాలు ఒకదాన్నొకటి అల్లుకుని ఉండటంతో దానికి దెబ్బ ఓర్చుకునే శక్తి వచ్చింది. గీతను ఆపే శక్తి మాత్రం పలుగురాయికి ఉన్నంతే. గీత పడకపోవడం వేరు, దెబ్బకు ఓర్చుకోవడం వేరు. వజ్రానికి మొదటిది దేనికీ లేనంత ఉంది, రెండోది అంతగా లేదు.

శిష్యుడు మాత్రం దీన్నుంచి ఇంకేదో నేర్చుకున్నాడు. ఆ రోజు దెబ్బ సరిగా పడలేదన్నాడు. మర్నాడు సుత్తి మానేసి సమ్మెట తెచ్చాడు.

రెండో ఏటి వానలకు, వేరుశనగ చేలో కలుపు తీస్తున్న కూలి మనిషి ఒకామెకు చింతగింజంత రాయి దొరికింది. తెల్లగా, పైన నూనె రాసినట్టు జిడ్డు మెరుపుతో ఉంది. ఆమె ముందు పెద్దాయన ఇంటికే వెళ్లింది. తలుపు గొళ్లెం పెట్టి ఉంది, కూతురి ఊరికి వెళ్లాడన్నారు. ఎప్పుడొస్తాడో తెలియదు. ఇంకో రోజు కూలి పోగొట్టుకునే స్థితి ఆమెది కాదు. సంతకు వెళ్లి, కొంగు ముడిలోంచి అణా, రాయి రెండూ తీసి ఇచ్చింది.

సమ్మెట పడింది. రాయి మూడు ముక్కలైంది, కొంత నలకలైపోయింది. శిష్యుడు వజ్రం కాదన్నాడు. ఆమె మూడు ముక్కలూ ఏరుకుంది. పిల్లాడు ఆడుకుంటాడని తీసుకుపోయింది.

పిల్లాడు ఆడుకున్నాడు. గోడకున్న పగులుటద్దం మీద ముక్కతో గీతలు గీశాడు. అద్దం పాడుచేసినందుకు ఒక దెబ్బ తిన్నాడు. గీతలు ఎంత లోతుగా దిగాయో ఆమె అప్పుడు చూసింది. పెద్దాయన ఊళ్లోకి వచ్చాడని తెలిసి ముక్కలు పట్టుకుని మళ్లీ వెళ్లింది.

అద్దం గీసిందన్న మాటకు పెద్దాయన పెద్దగా చలించలేదు. పలుగురాయి కూడా అద్దాన్ని గీస్తుంది. అద్దం పరీక్షను నమ్మి పలుగురాళ్లు దాచుకున్న ఇళ్లు ఆ చుట్టుపక్కల లెక్కలేనన్ని. ఆయన పెద్ద ముక్కను తక్కెడలో వేశాడు. ఏడు గురివింద గింజలు తూగింది. దారం కట్టి నీళ్లలో దించితే ఐదు తూగింది. ఏడులో రెండు తగ్గింది. ఏడును రెండుతో భాగిస్తే మూడున్నర. పలుగురాయి అయితే నీళ్లలో నాలుగున్నర గింజలు కూడా తూగేది కాదు. ఆయన మళ్లీ తూచాడు, మళ్లీ ఐదే.

అయినా ఆయన పేరు పెట్టలేదు. పుష్యరాగం (టోపాజ్) కూడా నీటికంటే దాదాపు మూడున్నర రెట్లు బరువే ఉంటుంది. ఈసారి కురువిందం తీశాడు. పుష్యరాగమైతే దాన్ని కురువిందం గీస్తుంది. ఇక్కడ ముక్క మొనే కురువిందం మీద గీత పెట్టింది. వేలు తడిచేసి రుద్దాడు. గీత చెరగలేదు. ముక్కను పెదవికి ఆనించాడు, ఐసులా చల్లగా తగిలింది. భూతద్దంలో చూశాడు. ముక్కకు ఒక పక్క రాయి పాత చర్మం మిగిలి ఉంది, దాని మీద కంటికి కనిపించీ కనిపించనంత చిన్న ముక్కోణపు గుంటలు ఉన్నాయి. విరిగిన వైపు వంపులేవీ లేవు. చాకుతో కోసినట్టు చదును.

అది వజ్రం. వజ్రం నాలుగు దిక్కుల్లో చదునుగా చీలుతుంది. వజ్రాలు కోసేవాళ్లకు ఇది ఎప్పటినుంచో తెలుసు. 3,106 కేరట్ల కలినన్ వజ్రాన్ని 1908లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జోసెఫ్ ఆషర్ చీల్చింది కూడా ఉక్కు కత్తి ఆనించి కొట్టిన దెబ్బతోనే. అంటే సమ్మెట కింద రాయి తన పేరు చెప్పింది. విరిగిన ముఖం మీద రాసి మరీ చెప్పింది. శిష్యుడు పగిలిన చప్పుడు మాత్రం విన్నాడు.

పెద్దాయన ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాడు. వజ్రం ధర బరువుతో పాటు పెరగదు, బరువుకంటే వేగంగా పెరుగుతుంది. ఒకటిగా ఉన్న రాయికి వచ్చేది, అదే బరువుండే మూడు ముక్కలకు రాదు. ఆమె ఏడవలేదు. ముక్కలకు ఎంతొస్తుందని అడిగింది. వర్తకుడు ఇచ్చిన డబ్బుకు రెండు పాడావులు వచ్చాయి. రాయి పగలకపోతే తాను కలుపు తీసిన చేను తానే కొనుక్కునేది.

సంగతి సంతకు పాకింది. రచ్చకట్ట దగ్గర పెద్దలు కూర్చున్నారు. శిష్యుడు తలొంచుకోలేదు. నిరుటి నుంచి ఆరు వందల రాళ్లకు తీర్పు చెప్పానన్నాడు. అందులో తప్పింది ఇదొక్కటేనని, బండివాడిది లెక్కేసుకుంటే రెండని, ఆరు వందలకు రెండు తప్పని వైద్యుణ్ణి గానీ జ్యోతిష్కుణ్ణి గానీ చూపించమన్నాడు. ఆ లెక్కకు పెద్దలు కూడా మెత్తబడ్డారు. ఒప్పుకోవాల్సిందే, వినడానికి గట్టి లెక్కే.

పెద్దాయన ఆ లెక్కను కాదనలేదు. మర్నాటి సంతకు మాత్రం గొర్రెలు కాసే పిల్లాణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. దాగలికి వీపు పెట్టి కూర్చోబెట్టాడు. ఎవరు ఏ రాయి తెచ్చినా వెనక్కి తిరిగి చూడకుండా, వజ్రం కాదు అని మాత్రం అరవమన్నాడు. అందుకు బెల్లం ముక్క ఇస్తానన్నాడు.

ఆ రోజు నలభై రాళ్లు వచ్చాయి. ప్రతి రాయికీ పిల్లాడు ముందు అరిచాడు, తర్వాత సమ్మెట పడింది. జనం మొదట నవ్వారు. మధ్యాహ్నానికి నవ్వడం మానేశారు. సాయంత్రం లెక్క చూస్తే సమ్మెట నలభై కాదంది, పిల్లాడూ నలభై కాదన్నాడు. ఒక్క రాయి దగ్గరా ఇద్దరికీ తేడా రాలేదు. బండివాడు లేచి, తన రాయికి ఈ పిల్లాడే తీర్పు చెప్పి ఉంటే తనకు అప్పు తప్పేదన్నాడు. ఆ లెక్కన ఆరు వందల్లో సమ్మెటకు రెండు తప్పులు, పిల్లాడికి ఒక్కటే. పైగా పిల్లాడు ఏ రాయినీ పగలగొట్టలేదు. బెల్లం తిని గొర్రెల దగ్గరికి వెళ్లిపోయాడు.

శిష్యుడికి ఇంకా ఒక పట్టు మిగిలింది. ఎలా చెప్పినా, తప్పు మాత్రం ఒక్క వజ్రం దగ్గరే కదా అన్నాడు. పెద్దాయన దానికి జవాబు చెప్పకుండా గుడ్డసంచి అతని చేతికిచ్చి, చెట్టు వెనకున్న కుప్ప వైపు చూపించాడు.

శిష్యుడు కుప్ప ముందు కూర్చున్నాడు. మొదటి పూట కోపంతో కూర్చున్నాడు. గోరుకు లొంగినవి, పైసాకు లొంగినవి, కత్తికి లొంగినవి వేరుచేశాడు. కత్తితో గీకిన పొడి మీద నిమ్మరసం చుక్క వేస్తే బుసబుస పొంగినవి సున్నపురాళ్లు, వాటిని ఒక పక్క పెట్టాడు. పింగాణీ మీద రుద్దాడు. మిగిలినవాటిలో వంపులు తిరిగి విరిగినవన్నీ పలుగురాళ్లని తీసేశాడు. ఆ పని చేస్తుంటే కోపం ఎప్పుడు పోయిందో అతనికి తెలియలేదు. మూడో రోజుకు కుప్ప అడుగుకు వచ్చింది. అక్కడ బియ్యపుగింజంత ముక్కలు రెండు, ఎటు తిప్పినా చదునుగా, జిడ్డు మెరుపుతో కనిపించాయి. కురువిందం మీద గీశాడు. గీత పడింది. వేలు తడిచేసి రుద్దాడు. చెరగలేదు.

అవి కూలి మనిషి రాయివి కావు. ఆమె రాయి పగిలింది ఈ ఏటి వానలకు, ఇవి ఉన్నది నిరుటి ముక్కల కింద. ఎవరివో కనుక్కుందామని శిష్యుడు ఊళ్లన్నీ తిరిగాడు. రాయి పగిలి, అణా ఇచ్చి, నిట్టూర్చి వెళ్లిపోయినవాళ్లలో ఎవరిదని చెప్పగలరు? తమదేనని ఇరవై మంది వచ్చారు. ఇరవై మందికీ నమ్మకం ఉంది, ఒక్కరికీ రుజువు లేదు. పెద్దలు ఆ ముక్కలు అమ్మించి, వచ్చిన డబ్బుతో సంతలో చేదబావి తవ్వించారు. దాగలి తిరిగి కమ్మరి కొలిమికి చేరింది. శిష్యుడు మళ్లీ పెద్దాయన అరుగు ఎక్కాడు. ఈసారి ముందుగా విరిగిన ముఖాల పాఠం చెప్పమని తనే అడిగాడు.

నీతి: అరుదైనదాన్ని వెతికేచోట, కళ్లు మూసుకుని అన్నిటినీ కాదన్నవాడి మాట కూడా దాదాపు ప్రతిసారీ నిజమవుతుంది, కాబట్టి ఒక పరీక్ష ఎన్నిసార్లు నిజం చెప్పిందన్న లెక్క చూసి దాన్ని నమ్మకూడదు. అసలైనది ఎదురైతే దాన్ని అవునని చెప్పగలదా, పొరపాటు చేస్తే ఆ పొరపాటు బయటపడే దారి ఉంచుతుందా అన్నవి చూడాలి. బడిలో పిల్లలకు, ఉద్యోగానికి వచ్చినవాళ్లకు, ఇంటికి వచ్చిన కొత్తకోడలికి మీరు పరీక్ష పెట్టేముందు ఆ పరీక్షను ఈ రెండు ప్రశ్నలు అడగండి.